పాత తెలుగు పుస్తకాన్ని నలుగురూ కలిసి వికీసోర్సులోకి ఎలా తేవాలి

తెలుగు వికీసోర్సు 2005లో మొదలైన స్వేచ్ఛా గ్రంథాలయం. కాపీహక్కుల గడువు తీరిన పుస్తకాలనూ, రచయితలు స్వయంగా స్వేచ్ఛా లైసెన్సు కింద ఇచ్చిన పుస్తకాలనూ అక్కడ ఎవరైనా చదువుకోవచ్చు, వెతుక్కోవచ్చు, దింపుకోవచ్చు. ఆ పుస్తకాలను అక్కడికి చేర్చేది పాఠకులే. ఒకరినొకరు ఎన్నడూ కలుసుకోని మనుషులు, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు వేళల్లో కూర్చుని, ఒకే పుస్తకాన్ని తప్పుల్లేకుండా తయారు చేయగలుగుతున్నారంటే అందుకు వారి ఓపికతో పాటు ఆ మాధ్యమపు నిర్మాణం కూడా కారణం. అది పనిని పుటలుగా విడదీస్తుంది. ఎవరు ఏ అక్షరాన్ని ఎప్పుడు మార్చారో పేరుతో సహా దాచి ఉంచుతుంది. ఈ రెండు లక్షణాలను అర్థం చేసుకుని పని మొదలుపెట్టినవారు పుస్తకాన్ని పూర్తి చేస్తారు. వాటిని పట్టించుకోకుండా ఉత్సాహంతో దిగినవారి పుస్తకాలు చాలావరకు సగంలో ఆగిపోతాయి. మీరూ, మీ మిత్రులు ముగ్గురు నలుగురూ కలిసి ఒక పుస్తకాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా తీసుకురావడానికి చేయవలసిన పనులను వరుసగా చెబుతాను.

1. హక్కుల విషయం తేలిన చిన్న పుస్తకాన్ని ఎంచుకోండి

భారతదేశపు కాపీరైటు చట్టం (1957) ప్రకారం రచయిత జీవితకాలంలోనూ, ఆయన మరణించిన ఏడాదికి తరువాతి జనవరి 1 నుంచి లెక్కించిన 60 ఏళ్లపాటూ హక్కులు అమల్లో ఉంటాయి. ఉదాహరణకు 1964లో మరణించిన రచయిత రచనలు 2025 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. ఇద్దరు కలిసి రాసిన పుస్తకమైతే వారిలో చివరగా మరణించినవారి సంవత్సరాన్ని లెక్కలోకి తీసుకోవాలి. అనువాదమైతే మూలరచయితతో పాటు అనువాదకుడు మరణించిన సంవత్సరం కూడా చూడాలి.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. రచయిత హక్కుల గడువు తీరినంత మాత్రాన మీ చేతిలో ఉన్న పుస్తకం మొత్తానికీ గడువు తీరినట్టు కాదు. గురజాడ అప్పారావు 1915లో, కందుకూరి వీరేశలింగం 1919లో కన్నుమూశారు కాబట్టి వారి పాఠానికి ఏ అడ్డూ లేదు. కానీ తరువాతి దశాబ్దాల్లో వెలువడిన సంపుటాల్లోని సంపాదకుల పీఠికలు, వివరణలు, బొమ్మలు వేరొకరి సొత్తు అయి ఉండవచ్చు. ప్రాచీన కావ్యాల విషయంలోనూ ఇంతే: పద్యం ఎవరిదీ కాదు గాని, ఈ కాలపు పండితుడు దానికి రాసిన టీక ఆయనదే. అందువల్ల వీలైనంత పాత ముద్రణను వెతకండి.

స్కాను ఫైలును ఎక్కించే వికీమీడియా కామన్స్ అమెరికా చట్టాన్ని కూడా పాటిస్తుంది. ఆ దేశంలో పాత పుస్తకాలకు ప్రచురణ నుంచి 95 ఏళ్ల లెక్క ఉంది. రచయిత 1960కి ముందు మరణించి, మీ చేతిలోని ముద్రణ 1930కి ముందు వెలువడి ఉంటే రెండు చట్టాల ప్రకారమూ చిక్కు ఉండదు. మొదటి పుస్తకానికి అటువంటిదే తీసుకోమని గట్టిగా చెబుతాను. ఈ గడువులకు అందని పుస్తకమేదైనా మనసుకు పట్టి ఉంటే ఎక్కించే ముందే రచ్చబండలో (వికీసోర్సులో అందరూ చర్చించుకునే పుటలో) అడగండి. నెలల శ్రమ తరువాత ఫైలు తొలగింపుకు గురైతే కలిగే నిరాశ నుంచి బృందం కోలుకోవడం కష్టం.

పరిమాణం గురించి కూడా ఒక మాట. కొత్త బృందం ఆరువందల పుటల గ్రంథాన్ని తలకెత్తుకోకూడదు. అరవై నుంచి వంద పుటల లోపు వచన రచన, అంటే ఒక ప్రహసనమో, ఒక ఉపన్యాసమో, ఒక చిన్న జీవితచరిత్రో సరిపోతుంది. పూర్తయిన చిన్న పుస్తకం మరో పుస్తకానికి మనుషులను తెచ్చిపెడుతుంది.

2. స్కానును పుట పుటా పరీక్షించండి

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకం కింద వేలాది తెలుగు పుస్తకాలు స్కాను అయ్యాయి. వాటిలో చాలావాటి ప్రతులు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. అక్కడ పేర్లు ఆంగ్ల లిపిలో రకరకాల వర్ణక్రమాలతో నమోదై ఉంటాయి కాబట్టి ఒకే పుస్తకాన్ని రెండు మూడు విధాలుగా రాసి వెతకవలసి వస్తుంది. ఇంట్లోనో, ఊరి గ్రంథాలయంలోనో ఉన్న పుస్తకాన్ని మీరే స్కాను చేయవచ్చు. పాత కాగితం పెళుసుగా ఉంటుంది కాబట్టి పుస్తకాన్ని పూర్తిగా విప్పి అదమకండి.

ఫైలు దొరకగానే ఎక్కించకండి. మొదటి నుంచి చివరి దాకా పుటసంఖ్యలు వరుసగా ఉన్నాయో లేదో, ఏదైనా పుట రెండుసార్లు వచ్చిందో, అంచుల్లో అక్షరాలు తెగిపోయాయో చూడండి. లోపించిన పుటను మరో ప్రతి నుంచి తెచ్చి చేర్చవలసివస్తే అది ఇప్పుడే జరగాలి. పని మధ్యలో ఒక పుటను చొప్పిస్తే అప్పటికే దిద్దిన పుటలన్నీ ఒక స్థానం పక్కకు జరిగి, పాఠం ఒకచోట, బొమ్మ మరోచోట ఉండిపోతాయి. ఫైలు పేరులో పుస్తకం పేరు, రచయిత పేరు, ముద్రణ సంవత్సరం ఉండేలా చూసుకోండి.

3. ఖాతా తెరవండి, టైపింగు సరిచూసుకోండి

బృందంలో ప్రతి ఒక్కరికీ సొంత ఖాతా ఉండాలి. ఒకే ఖాతాను నలుగురు వాడితే మాధ్యమం ఇచ్చే అతి పెద్ద సౌకర్యాన్ని వదులుకున్నట్టే. అసలు పేరే పెట్టుకోవాలన్న నియమం లేదు. వికీలోనే లిప్యంతరీకరణ, ఇన్‌స్క్రిప్ట్ పద్ధతుల్లో తెలుగు టైపు చేసే ఏర్పాటు ఉంది. పాత పుస్తకాలకు అరసున్న (ఁ), శకటరేఫ (ఱ), దంత్య చ-జలు (ౘ, ౙ), తెలుగు అంకెలు కావాలి కాబట్టి అవి మీ కీబోర్డులో ఎక్కడున్నాయో ముందే తెలుసుకోండి. ఫోనులో చదవవచ్చు గాని, స్కానునూ పాఠాన్నీ పక్కపక్కన పెట్టి దిద్దడానికి కంప్యూటరు తెర కావాలి.

4. సూచిక పుటను తయారుచేసి, పద్ధతులను రాతపూర్వకంగా నిర్ణయించుకోండి

ఫైలు కామన్స్‌కు చేరిన తరువాత వికీసోర్సులో అదే పేరుతో ‘సూచిక’ పుటను సృష్టించాలి. అందులో శీర్షిక, రచయిత, ముద్రాపకులు, ప్రచురణ స్థలం, సంవత్సరం నింపి, స్కానులోని ఎన్నో బొమ్మ పుస్తకంలోని ఎన్నో పుటకు సరిపోతుందో చెప్పాలి. అట్ట, ముఖపత్రం, పీఠిక ముందు ఉంటాయి కాబట్టి పుస్తకపు ఒకటో పుట స్కానులో పదమూడో బొమ్మ కావచ్చు. ఇది సరిగా చేస్తే ప్రతి పుటకూ ఒక చిన్న గడి, దాని రంగును బట్టి పని స్థితి కనిపించే పట్టిక ఏర్పడుతుంది. మీ బృందం రోజూ చూసుకునేది ఈ పట్టికనే.

దిద్దుబాటు మొదలుకాక ముందే సూచిక చర్చాపుటలో కొన్ని నిర్ణయాలను రాసిపెట్టండి. అరసున్నలనూ శకటరేఫలనూ మూలంలో ఉన్నట్టే ఉంచాలా? (ఉంచాలి అన్నది నా దృఢాభిప్రాయం, అవి ఆ కాలపు భాషకు సాక్ష్యాలు.) పాత అచ్చులో వలపలగిలకతో (పొల్లు రకారాన్ని తరువాతి అక్షరానికి కుడివైపున గుర్తుగా వేసే పద్ధతితో) కూర్చిన ‘సర్వము’, ‘ధర్మము’ వంటి మాటలను ఎలా టైపు చేయాలి? ఉచ్చారణలోనూ అర్థంలోనూ తేడా లేదు కాబట్టి నేటి రూపంలో టైపు చేస్తే వెతికేవారికి దొరుకుతాయి. పాత అచ్చుల్లో విరామచిహ్నానికి ముందు కనిపించే ఖాళీని తీసేయాలా? తెలుగు అంకెలను అలాగే ఉంచాలా? పద్యాలకు ఏ మూస (టెంప్లేటు) వాడాలి? అధస్సూచికలను ఎలా చూపాలి? వీటిలో చాలావాటికి రెండు జవాబులూ సమంజసంగానే ఉంటాయి. ఒకే పుస్తకంలో మూడో పుటలో ఒక విధంగా, నలభయ్యో పుటలో మరో విధంగా ఉండటమే అసలు లోపం.

ఈ చర్చను వాట్సాప్ గుంపులో పెట్టుకోవద్దని మరీ మరీ కోరుతున్నాను. గుంపులో మాట్లాడుకోవడం సులువు, జవాబు వెంటనే వస్తుంది, పరిచయం పెరుగుతుంది. వీటి విలువను తక్కువ చేయను. కానీ అక్కడ తీసుకున్న నిర్ణయం నాలుగు రోజుల్లో పండుగ శుభాకాంక్షల కింద కనుమరుగవుతుంది. ఆరు నెలల తరువాత బృందంలో చేరిన వ్యక్తికీ, పదేళ్ల తరువాత ఆ పుస్తకాన్ని మెరుగుపరచాలనుకునే అపరిచితుడికీ మీరు అరసున్నల విషయంలో ఎందుకు అలా నిర్ణయించారో తెలిసే మార్గం ఉండదు. చర్చాపుటలో రాసిన రెండు వాక్యాలు పుస్తకంతో పాటే ఉంటాయి. గుంపులో తేల్చుకున్న విషయాన్నయినా ఆ రోజే ఎవరో ఒకరు చర్చాపుటకు ఎక్కించాలన్న నియమం పెట్టుకోండి.

5. పుటను దిద్దండి

పుటను తెరిస్తే ఒకవైపు స్కాను బొమ్మ, మరొకవైపు పాఠం రాయవలసిన పెట్టె కనిపిస్తాయి. అక్షరాలను గుర్తించే ఓసీఆర్ పరికరం బొమ్మ నుంచి పాఠాన్ని తీసి పెట్టెలో పెడుతుంది. శుభ్రమైన అచ్చు అయితే ఇది చాలావరకు సరిగ్గా చదువుతుంది; ప్రమాదం కూడా అందులోనే ఉంది. పాఠం బాగానే ఉన్నట్టు కనిపించడంతో కన్ను వేగంగా జారిపోతుంది. పరికరం ప-వ, మ-య, ద-ధ-థ వంటి పోలికున్న అక్షరాలను తారుమారు చేస్తుంది. ‘అని’ కాస్తా ‘అవి’ అవుతుంది. ‘వాడు’ ‘పాడు’ అవుతుంది. రెండూ తెలుగు మాటలే కాబట్టి ఏ అక్షరదోష పరికరమూ వాటిని పట్టుకోలేదు. ఒత్తుల దగ్గర, కొమ్ముకూ కొమ్ముదీర్ఘానికీ మధ్య, ఎత్వానికీ ఏత్వానికీ మధ్య తప్పులు ఎక్కువ. వలపలగిలక చాలాచోట్ల తొమ్మిదంకెగానో, మరేదో గుర్తుగానో మారిపోతుంది. అరసున్న తరచూ మాయమవుతుంది.

అందుచేత పుటను రెండు విడతలుగా చదవండి. మొదటి విడతలో అర్థాన్ని పక్కనపెట్టి, బొమ్మలోని ప్రతి మాటనూ పెట్టెలోని మాటతో పోల్చండి. రెండో విడతలో బొమ్మ చూడకుండా పాఠాన్ని పైకి చదవండి. చెవికి తేడాగా తగిలిన చోట మళ్లీ బొమ్మను చూడండి. పద్యమైతే గణాలు, యతిప్రాసలు మీకు మంచి తోడు: గణం తప్పిందంటే ఎక్కడో ఒక అక్షరం లోపించి ఉంటుంది.

పుట పైభాగాన ఉండే పుస్తకం పేరు, పుటసంఖ్య శీర్షభాగపు పెట్టెలోకి వెళ్లాలి. లేకపోతే పుటలన్నీ కలిపినప్పుడు వాక్యం మధ్యలో వచ్చి కూర్చుంటాయి. పంక్తి చివర విరిగిన మాటలను కలపండి. ఒక పుట చివర మొదలై మరో పుటలో ముగిసే మాటకు ప్రత్యేక మూసలున్నాయి, వాటిని వాడండి.

ముద్రారాక్షసాల విషయంలో కొత్తవారికి చెయ్యి దురద పెడుతుంది. మూలంలో అచ్చుతప్పు ఉంటే దాన్ని నిశ్శబ్దంగా సవరించకూడదు. ఉన్నది ఉన్నట్టు టైపు చేసి, అది మూలంలోని తప్పేనని తెలిపే మూసను చేర్చండి, లేదా ఆ పుట చర్చలో రాయండి. పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక ఉంటే అదీ పుస్తకంలో భాగమే కాబట్టి దాన్నీ ఎక్కించాలి. గ్రాంథికాన్ని వ్యావహారికంగా మార్చడం, నేటి మర్యాదకు సరిపడని మాటలను తీసేయడం అసలు కూడదు. వంద ఏళ్ల నాటి పుస్తకంలో కులం గురించో, స్త్రీల గురించో మనసు నొచ్చుకునే వాక్యం ఉండవచ్చు. దాన్ని విమర్శిస్తూ మీరు వేరేచోట వ్యాసం రాయవచ్చు. మూలాన్ని మాత్రం ముట్టుకోకూడదు. ఆ కాలాన్ని అధ్యయనం చేసేవారికి ఆ వాక్యమే ఆధారం కావచ్చు.

కృత్రిమ మేధ పరికరాలకు ఓసీఆర్ పాఠాన్ని ఇచ్చి దిద్దించుకోవాలన్న ఆలోచన ఇప్పుడు చాలామందికి వస్తోంది. పుటలో ఏముందో చూడకుండా ఏముంటే బాగుంటుందో రాసే స్వభావం వాటికి ఉంది. ‘చేసెను’ను ‘చేశాడు’గా, అరుదైన మాటను తెలిసిన మాటగా మార్చి, ఎక్కడ మార్చిందో చెప్పకుండా ఊరుకుంటాయి. అనుమానమున్న అక్షరం గురించి సలహా అడగడం వరకు సరే. పుటనంతా అప్పగించి, తిరిగి వచ్చిన పాఠాన్ని అతికించడం సరికాదు. అక్షరం అక్షరం చూసి చదవడం ఒక సృజనాత్మక శ్రమ అని నేను నమ్ముతాను. ఒక రచయిత వాక్యాన్ని ఎలా కూర్చాడో అంత దగ్గరగా చూసే అవకాశం మరే విధంగానూ దొరకదు.

దిద్దడం పూర్తయ్యాక పుట స్థితిని ఎంచుకోవాలి. ఇంకా దిద్దని పుట ఎరుపు, దిద్దినది పసుపు, చిక్కు ఉన్నది నీలం, పాఠం లేనిది బూడిదరంగు. ఒక మాట చదవడానికి రాకపోతే ఊహించి నింపకండి. పుటను నీలంలో పెట్టి, ఎక్కడ ఆగిపోయారో చర్చలో చెప్పండి. తెనాలిలో మీరు రాత్రి వదిలిన చిక్కును, మరో ప్రతి దగ్గర ఉన్నవారు డాలస్‌లో తమ పగటివేళ విప్పవచ్చు.

6. ప్రతి మార్పుకూ ఒక మాట జతచేయండి

ప్రచురించే ముందు ‘మార్పుల సారాంశం’ అనే చిన్న పెట్టె ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి. ‘రెండో పేరాలో అరసున్నలు చేర్చాను’ అన్న అర పంక్తి, మీ తరువాత వచ్చేవారికి ఎంతో సమయం మిగులుస్తుంది. ఎదుటివారి ముఖం కనిపించని చోట, గొంతు వినిపించని చోట, కారణం చెప్పని మార్పు అవమానంగా తోస్తుంది. కారణం చెప్పిన మార్పు సాయంగా కనిపిస్తుంది.

ఇంకొకరి పనిలో తప్పు కనిపిస్తే వ్యక్తిని వదిలి పుట గురించి మాట్లాడండి. ‘మీరు సరిగా చూడటం లేదు’ అని రాయకుండా, ‘12వ పుట మూడో పంక్తిలో బొమ్మలో “అని” ఉన్నట్టు కనిపిస్తోందండీ, ఒకసారి చూస్తారా?’ అని రాయండి. వయసు, చదువు, హోదా తెలియని చోట అందరినీ ‘గారు’ అనే పిలవడం మంచిది. అవతల ఉన్నది విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడైనా, ఇంటర్ విద్యార్థి అయినా కావచ్చు. చర్చలో రాసిన ప్రతి మాట కిందా నాలుగు టిల్డే గుర్తులతో (~~~~) సంతకం చేయండి. అభిప్రాయభేదం ముదిరితే ఒకరి మార్పును ఒకరు రద్దు చేసుకుంటూ పోకుండా, మూడో వ్యక్తి అభిప్రాయం కోసం రచ్చబండకు తీసుకెళ్లండి.

7. రెండో మనిషితో చదివించండి

ఒకరు దిద్దిన పుటను అదే వ్యక్తి ఆమోదించడానికి వికీసోర్సు ఒప్పుకోదు. పసుపు పుట ఆకుపచ్చగా మారాలంటే ఖాతా ఉన్న మరొకరు చదివి తీరాలి. ఈ నియమాన్ని సాఫ్ట్‌వేరులోనే పొందుపరచడం వల్ల, పరిశీలన అన్నది ఎవరి అహాన్నీ దెబ్బతీయని మామూలు పనిగా మారింది. బృందంలో జంటలు ఏర్పరచుకోండి. కొన్నాళ్లకు ఆ జంటలను మార్చండి, ఎందుకంటే ఇద్దరు కలిసి ఎక్కువకాలం పనిచేస్తే ఒకరి అలవాటైన తప్పు మరొకరి కంటికీ అలవాటైపోతుంది. రంగు మార్చడం కోసం చదవకండి. 2020 మే నెలలో భారతీయ భాషల వికీసోర్సులకు కలిపి అచ్చుదిద్దే పోటీ జరిగింది. అటువంటి పోటీలు కొత్తవారిని తెస్తాయి, కానీ సంఖ్య కోసం పరుగెత్తే స్వభావాన్ని మీ బృందంలోకి రానివ్వవద్దు.

పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులను జీతాలిచ్చి నియమించుకుని, తాళపత్ర ప్రతులను ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, శుద్ధప్రతులు రాయించారు. బ్రౌన్ పేరు తెలుగువారందరికీ తెలుసు. ఆ పండితుల్లో ఎక్కువమంది పేర్లు సాధారణ పాఠకులకు తెలియవు. ఇప్పుడు ఒక్క అరసున్న చేర్చినవారి పేరు కూడా పుట చరిత్రలో నిలుస్తుంది. మీ బృందంలోని వారికి ఆ ‘చరిత్ర’ ట్యాబును తెరిచి చూపించండి. తమ శ్రమ ఎక్కడికీ పోలేదని కళ్లారా చూసినవారు మరుసటి వారం మళ్లీ వస్తారు.

8. పుటలను కలిపి పుస్తకంగా కూర్చండి

పుటలన్నీ కనీసం పసుపు స్థితికి వచ్చాక, ప్రధాన పేరుబరిలో (పాఠకులు చదివే పుస్తకాలు ఉండే విభాగంలో) పుస్తకం పేరుతో పుటను సృష్టించి, ఏ పుట నుంచి ఏ పుట దాకా చూపాలో చెప్పే ట్యాగును రాయాలి. పాఠాన్ని నకలు చేసి అతికించకండి. ట్యాగు ద్వారా చూపితే, తరువాత ఎవరైనా ఒక పుటలో దిద్దిన తప్పు పుస్తకంలో కూడా దానంతటదే సరి అవుతుంది. అధ్యాయాలుంటే ఒక్కోదానికీ ఉపపుట పెట్టి, విషయసూచికలో లంకెలు ఇవ్వండి. అప్పుడు పుస్తకాన్ని ఈపబ్ (ఈ-పుస్తకం) రూపంలో దింపుకుని, అధ్యాయాలు వరుస తప్పలేదని ఫోనులో ఒకసారి తిరగేసి చూడండి.

9. పుస్తకాన్ని పదిచోట్ల అందుబాటులో ఉంచండి

రచయిత పుటలో పుస్తకానికి లంకె చేర్చండి. తెలుగు వికీపీడియాలో ఆ రచయిత గురించి వ్యాసం ఉంటే అక్కడ కూడా చేర్చండి. పుస్తకంలో మీకు ఎదురైన అరుదైన మాటలను, అవి వాడిన వాక్యంతో సహా విక్షనరీలో (వికీ నిఘంటువులో) నమోదు చేయవచ్చు. గొంతు బాగున్నవారు అధ్యాయాలను చదివి రికార్డు చేసి కామన్స్‌లో పెట్టవచ్చు. చూపు లేనివారికీ, తెలుగు విని అర్థం చేసుకోగలిగినా చదవడం రాని ప్రవాసుల పిల్లలకూ అది ఎంతో ఉపయోగపడుతుంది. మూలానికి హక్కుల అడ్డంకి లేదు కాబట్టి నాటకంగా మలచడానికైనా, బొమ్మల కథగా గీయడానికైనా ఎవరినీ అనుమతి అడగనవసరం లేదు. వికీలో మీరు సొంతంగా రాసే వివరణలు మాత్రం క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్-షేర్‌అలైక్ 4.0 లైసెన్సు కిందకు వస్తాయి. వాటిని తిరిగి వాడేవారు మీ పేరు చెప్పి, అదే షరతుతో ఇతరులకు ఇవ్వాలి.

చివరగా సూచిక పుటనూ, పుస్తకపు పుటలనూ మీ వీక్షణ జాబితాలో పెట్టుకోండి. పూర్తయిందనుకున్న పుస్తకంలో కూడా ఎవరో ఒక పాఠకుడు ఒక తప్పును చూసి దిద్దుతాడు. ఆ మార్పును స్కానుతో పోల్చి, సరైనదైతే ఆయన చర్చాపుటలో కృతజ్ఞత తెలిపి, తరువాతి పుస్తకపు సూచిక లంకెను అక్కడే ఇవ్వండి.